గేజ్‌లో పన్నెండు చూపిస్తే ఇంజిన్ క్షేమమేనా?

మొన్న వేసవిలో మా బాబాయి గారి అబ్బాయి వాట్సాప్‌లో ఒక వీడియో పంపాడు. ఇరవై సెకన్లుంటుంది. రాత్రిపూట హైవే, స్టీరింగ్ పక్కన పిల్లర్‌కి బిగించిన గుండ్రటి గేజ్, అందులో ఎర్రటి అంకెలు. పొగ గొట్టంలోని ఆక్సిజన్ సెన్సార్‌ని బట్టి, ఇంజిన్‌లో ఒక వంతు పెట్రోలుకి ఎన్ని వంతుల గాలి కలుస్తోందో ఆ గేజ్ చూపిస్తుంది. అంకె తగ్గితే పెట్రోలు ఎక్కువైనట్టు. మూడో గేర్‌లో యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కగానే అంకె 14.7 నుంచి గబగబా దిగి 12.0 దగ్గర ఆగింది. టాకోమీటర్ ముల్లు ఎర్రగీత చేరేదాకా అక్కడే నిలబడింది. వీడియో కింద ఒక్క ముక్క రాశాడు: "చూడు అన్నయ్యా, పన్నెండు దాటట్లేదు. ఇంజిన్ సేఫ్."

నేను "బాగుంది" అని పెట్టి ఊరుకున్నాను. ఆ రోజు ఇంకో రెండు ప్రశ్నలు అడిగి ఉండాల్సిందని ఇప్పటికీ అనిపిస్తుంది.

నెల తిరక్కుండా ఆ ఇంజిన్ విజయవాడ ఆటోనగర్‌లో ఒక షెడ్డులో విప్పి ఉంది. నేను వెళ్లేసరికి మేస్త్రి గారు నేలమీద పాత పేపరు పరిచి, నాలుగు స్పార్క్ ప్లగ్గులూ వరుసగా పెట్టి, ఏది ఏ సిలిండర్‌దో కింద పెన్నుతో అంకెలు వేసి ఉంచారు. ఒకటి, రెండు, నాలుగు లేత గోధుమ రంగులో ఉన్నాయి. మూడోదాని పింగాణీ సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది. దగ్గరగా పట్టుకుని చూస్తే ఆ తెలుపు మీద సన్నటి మెరుపు చుక్కలున్నాయి. పిస్టన్ అల్యూమినియం అది. ఆ సిలిండర్ పిస్టన్‌కి మొదటి రెండు రింగులు కూర్చునే గాళ్ల మధ్య గట్టు అంగుళం మేర విరిగిపోయింది.

ఇంజెక్టర్లు నాలుగూ టెస్టింగ్ బెంచి మీద పెట్టించాం. నాలుగు గాజు గొట్టాలు, పైన నాలుగు ఇంజెక్టర్లు. స్విచ్ వేశాక మూడు గొట్టాల్లో ద్రవం 100 గీత దగ్గరికి వచ్చేసరికి, మూడో గొట్టంలో 87 దగ్గరే ఉంది. లోపల చెత్త పేరుకుని అది పదమూడు శాతం తక్కువ పోస్తోంది.

ఆ రాత్రి ఇంటికొచ్చి లెక్క వేశాను. మూడు సిలిండర్లలో గాలి-పెట్రోలు నిష్పత్తి 11.6 అనుకుందాం. మిగిలిన ఒక్కదానికి పదమూడు శాతం తక్కువ అందితే అక్కడ 13.3 అవుతుంది. నాలుగింటి పొగా ఒకే గొట్టంలో కలిసి సెన్సార్ దగ్గరికి వస్తే ఎంత చూపించాలి? సరిగ్గా 12.0.

అంటే వీడియోలో గేజ్ తప్పు చూపించలేదు. అది కొలవాల్సినదాన్ని సరిగ్గానే కొలిచింది. పూర్తి బూస్ట్‌లో, అంటే టర్బో గాలిని ఇంజిన్‌లోకి గట్టిగా తోస్తున్నప్పుడు, ఒక సిలిండర్ 13.3 దగ్గర నడుస్తుంటే, మిగతా మూడూ దాన్ని కప్పిపెట్టాయి. అప్పటినుంచి నా మనసులో ఒక మాట గట్టిపడుతూ వచ్చింది: టర్బో కారులో ఆక్సిజన్ సెన్సార్ అంకెను చూసి "క్షేమం" అని తీర్పు చెప్పకూడదు. "నిన్నటికీ ఇవాళ్టికీ ఏం మారింది?" అని అడగడానికి మాత్రం అంతకన్నా మంచి పరికరం లేదు. ఈ రెండో పనికి వాడాల్సినదాన్ని మనవాళ్లు మొదటి పనికి వాడుతున్నారు.

దానికి పెట్రోలు కనిపించదు

నా ఉద్యోగం థర్మల్ ప్లాంటులో, ఇన్‌స్ట్రుమెంట్ విభాగం. బాయిలర్ నుంచి పొగ బయటికి వెళ్లే డక్టులో ఆక్సిజన్ ఎంత మిగిలిందో కొలిచే జిర్కోనియా ప్రోబ్‌లను చూసుకోవడం నా పనుల్లో ఒకటి. కారు సైలెన్సర్ గొట్టంలో ఉండేది కూడా అదే జిర్కోనియా. వేడెక్కిన జిర్కోనియాకి ఒకవైపు బయటి గాలి, ఇంకోవైపు పొగ తగిలితే, రెండు వైపులా ఆక్సిజన్‌లో ఉన్న తేడాను బట్టి వోల్టేజీ పుడుతుంది. అంతే. పెట్రోలు ఎంత పోశారు, గాలి ఎంత పీల్చింది అన్నది దానికి తెలియదు. మంట అయిపోయాక మిగిలినదాన్ని చూసి, మొదట ఎంత ఉండి ఉంటుందో మనమే ఊహించుకుంటాం.

ప్లాంటులో ఈ ఊహ ఎలా తప్పుతుందో చాలాసార్లు చూశాను. డక్టులో ఎక్కడో చిన్న కంత పడుతుంది. లోపలి పీడనం బయటికన్నా కాస్త తక్కువ కాబట్టి, బయటి గాలి లోపలికి లాగుతుంది. ప్రోబ్ ఆ గాలినీ కలిపి కొలుస్తుంది. కంట్రోల్ రూములో 3 శాతం ఉండాల్సిన చోట 5 కనిపిస్తుంది. గాలి ఎక్కువైందనుకుని ఆపరేటర్ తగ్గిస్తాడు. అప్పుడు ఫర్నేసులో నిజంగానే గాలి చాలక కార్బన్ మోనాక్సైడ్ పెరుగుతుంది.

మూడేళ్ల కిందట నా కారులోనూ ఇదే జరిగింది. సరదాపడి వైడ్‌బ్యాండ్ గేజ్, అంటే వీడియోలో ఉన్నట్టే నిష్పత్తిని అంకెల్లో చూపించేది, పెట్టించాను. ఐడిల్‌లో, అంటే కారు ఆగి ఇంజిన్ ఊరికే తిరుగుతున్నప్పుడు, 16.2 చూపించేది. పెట్టిన షాపువాళ్లు "ఐడిల్‌లో లీన్ ఉంది సార్, ఫ్యూయల్ కొంచెం పెంచుతాం" అని మ్యాప్‌లో, అంటే ఎప్పుడు ఎంత పెట్రోలు పోయాలో ఇంజిన్ కంప్యూటర్‌కి చెప్పే పట్టికలో, పెంచారు. లీన్ అంటే పెట్రోలు తక్కువ, రిచ్ అంటే ఎక్కువ. గేజ్ 16.2 దగ్గరినుంచి కదల్లేదు. స్కానర్ పెట్టి చూస్తే లోపల జరుగుతున్నది వేరు: వాళ్లు పెంచినదాన్ని ఈసీయూ, అంటే ఆ ఇంజిన్ కంప్యూటర్, తన సొంత సెన్సార్ చూసుకుని వెనక్కి తీసేస్తోంది, ఫ్యూయల్ ట్రిమ్ (అది చేసే సవరణ) మైనస్ 12 శాతానికి పోయింది. కంపెనీ సెన్సార్ ప్రకారం మిశ్రమం సరిగ్గా ఉంది. నేను పెట్టించినదాని ప్రకారం లేదు. రెండూ ఒకే గొట్టంలో ఉన్నాయి, మధ్య దూరం రెండడుగులు కూడా లేదు.

ఓ రోజు పొద్దున్నే చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసి, బానెట్ ఎత్తి చెవిపెట్టి విన్నాను. కింద ఎక్కడో సన్నగా "టిక్ టిక్" మంటోంది. ఇంజిన్ వేడెక్కేకొద్దీ ఆ చప్పుడు తగ్గిపోయింది. కారు కిందికి దూరి టార్చి వేస్తే, రెండు సెన్సార్లకీ మధ్యనున్న ఫ్లాంజ్ పక్కన పెన్సిల్‌తో గీసినట్టు నల్లటి మసి చార ఒకటి ఉంది. గాస్కెట్ పోయింది. ఐడిల్‌లో పొగ ఒక్కో సిలిండర్ నుంచి విడివిడిగా తోసుకొస్తుంది. ఒక తోపుకీ ఇంకో తోపుకీ మధ్య గొట్టంలో పీడనం తగ్గి, ఆ సందులోంచి బయటి గాలి లోపలికి వెళ్తోంది. గాస్కెట్ మార్చాక గేజ్ 14.7కి వచ్చింది.

ఐడిల్‌లో లీన్ చూపించి, లోడ్ పెరిగేకొద్దీ మామూలుకి వస్తుంటే నేనిప్పుడు ముందు లీకు వెతుకుతాను. లోడ్‌లో గొట్టంలో పీడనం ఎక్కువ, అప్పుడు పొగే బయటికి పోతుంది కానీ గాలి లోపలికి రాదు. దీనికి తిరగబడ్డ కథ ఒక స్నేహితుడి కారులో చూశాను. ఐడిల్ బాగుంది, మెల్లగా నడిపితే బాగుంది. పూర్తి బూస్ట్‌లో 4,500 ఆర్‌పీఎం దగ్గర కారు చిన్న కుదుపు కుదిపేది, అదే క్షణంలో గేజ్ 12 నుంచి 15కి ఎగిరి మళ్లీ దిగేది. లీన్ అయిందని ఫ్యూయల్ పెంచారు. కుదుపు ఎక్కువైంది. ఇంకా పెంచారు. ఇంకా ఎక్కువైంది.

అసలు సంగతి ప్లగ్గుల గ్యాప్. 0.9 మిల్లీమీటర్ల గ్యాప్‌లో నిప్పురవ్వ మామూలు పీడనంలో దూకుతుంది. బూస్ట్ ఎక్కి సిలిండర్‌లో గాలి దట్టమైతే దూకలేక ఒక్కోసారి తప్పిపోతుంది. ఆ సైకిల్‌లో పెట్రోలూ మండదు, ఆక్సిజనూ మండదు, రెండూ అలాగే బయటికి వచ్చేస్తాయి. సెన్సార్‌కి కనిపించేది ఆక్సిజన్ కాబట్టి "లీన్" అంటుంది. పెట్రోలు పెంచేకొద్దీ మంట అంటుకోవడం ఇంకా కష్టమవుతుంది. గ్యాప్ 0.7కి తగ్గిస్తే కుదుపు పోయింది, అంకె ఎగరడం కూడా ఆగిపోయింది. పెంచిన పెట్రోలు మళ్లీ వెనక్కి తీయాల్సి వచ్చింది.

ఊగే సెన్సార్, నిలబడే సెన్సార్

ఈ విషయం మీద నాకు ఫోన్లు ఎక్కువగానే వస్తాయి. సగం ఫోన్లలో టెన్షన్ ఒకటే: "బ్లూటూత్ ముక్క పెట్టి ఫోన్లో చూశానండీ, ఆక్సిజన్ సెన్సార్ 0.1 నుంచి 0.9 దాకా పిచ్చిగా ఊగుతోంది, పోయినట్టేనా?" పోలేదు. ఊగడమే దాని ఆరోగ్యం. బాష్ కంపెనీ 1976లో వోల్వో కార్లలో మొదటిసారి పెట్టిన సెన్సార్ ఆ జాతిదే. మిశ్రమం సరిసమానానికి, అంటే పెట్రోలూ ఆక్సిజనూ రెండూ మిగలకుండా మండే నిష్పత్తికి, కాస్త లీన్ వైపు ఉంటే 0.1 వోల్టు, కాస్త రిచ్ వైపు ఉంటే 0.9 వోల్టు. మధ్యలో నిట్టనిలువు గోడ. ఈసీయూ ఆ గోడకి అటూ ఇటూ అడుగు వేస్తూ సగటున మధ్యలో నడుస్తుంది. వేడెక్కిన ఇంజిన్‌లో ఈ రకం ముందు సెన్సార్ ఊగకుండా ఒక్కచోటే నిలబడిపోతే ఆలోచించాలి. క్యాటలిటిక్ కన్వర్టర్ (పొగను శుభ్రం చేసే డబ్బా) తర్వాత ఉండే రెండో సెన్సార్ మాత్రం నిలకడగా ఉండాలి. అది కూడా ముందుదానిలా ఊగుతుంటే కన్వర్టర్ పని అయిపోవచ్చిందన్నమాట. ఈ రెండింటినీ తారుమారుగా చూసి మంచి సెన్సార్లు మార్పించుకున్నవాళ్లు నాకు తెలుసు.

టర్బో విషయంలో ఈ పాత రకంతో చిక్కేమిటంటే, బూస్ట్‌లో మనకు కావలసిన సమాచారమంతా ఆ గోడకి అవతల ఉంటుంది. 12 ఉందా, 11 ఉందా, 13 ఉందా అంటే ఈ సెన్సార్ చెప్పగలిగింది "రిచ్" అన్న ఒక్క మాటే. 0.85 వోల్టులుంటే ఇంత, 0.92 ఉంటే అంత అని పట్టికలు వేసుకుని ట్యూనింగ్ చేసిన రోజులున్నాయి. ఆ వోల్టేజీ మిశ్రమాన్ని బట్టి ఎంత మారుతుందో సెన్సార్ వేడిని బట్టి కూడా అంతే మారుతుంది. అదే మిశ్రమానికి సెన్సార్ బాగా వేడెక్కితే వోల్టేజీ తగ్గుతుంది. అంటే ఇంజిన్ ఎక్కువ కష్టపడుతున్నప్పుడే అది ఎక్కువ తప్పుదారి పట్టిస్తుంది. అలాంటి సెన్సార్‌కి రంగురంగుల లైట్ల గేజ్ తగిలించి బూస్ట్ పెంచినవాళ్ల ధైర్యం చూస్తే నాకు ఇప్పటికీ భయం వేస్తుంది.

వైడ్‌బ్యాండ్ వేరు. అందులో చిన్న గది ఉంటుంది. ఆ గదిలో ఎప్పుడూ సరిసమానం ఉండేలా ఒక పంపు సెల్ ఆక్సిజన్‌ని లోపలికో బయటికో తోడుతూ ఉంటుంది. ఎంత కరెంటు ఖర్చుపెట్టి తోడాల్సి వచ్చిందన్నదే కొలత. బయట దొరికే గేజ్‌లలో చాలావాటికి వచ్చే బాష్ ఎల్‌ఎస్‌యు 4.9 సెన్సార్ ఇలాగే పనిచేస్తుంది. దాన్ని సుమారు 780 డిగ్రీల దగ్గర వేడిగా ఉంచాలి. కరెంటు ఇవ్వకుండా గొట్టంలో వదిలేసి కారు నడిపితే మసి పట్టి కొద్దిరోజుల్లో పాడవుతుంది. దాని కనెక్టర్‌లోనే ఆ సెన్సార్‌కి ప్రత్యేకంగా సరిచేసిన చిన్న రెసిస్టర్ ఉంటుంది. వైరు పొడవు చాలడం లేదని కనెక్టర్ కోసేసి వైర్లు మెలిపెట్టి టేపు చుట్టినవాళ్లను చూశాను. ఆ తర్వాత గేజ్ అంకెలు వెలుగుతూనే ఉంటాయి, వాటికి ఆధారం మాత్రం పోతుంది.

టర్బోకి ముందు పెట్టించుకున్నవాళ్లూ ఉన్నారు, స్పందన త్వరగా వస్తుందని. అక్కడ వేడి ఎక్కువ, పీడనమూ ఎక్కువ. పీడనం పెరిగితే పంపు సెల్ తోడాల్సిన ఆక్సిజన్ కూడా పెరుగుతుంది, దాంతో రిచ్ ఇంకా రిచ్‌గా కనిపిస్తుంది. నిజంగా 12.3 ఉన్నది 11.8గా కనిపిస్తే, ట్యూనర్ పెట్రోలు తగ్గిస్తాడు. టర్బో తర్వాత, గొట్టానికి పైవైపు ఏటవాలుగా, నీటిచుక్కలు నిలవని చోట పెట్టడమే దారి.

14.7 అన్న అంకె మీద నమ్మకం

ఇంతవరకు నేను కూడా 14.7, 12.0 అంటూనే వచ్చాను, అందరికీ అలవాటు కాబట్టి. కానీ మన బంకుల్లో ఇప్పుడు దొరుకుతున్న పెట్రోలుకి 14.7 వర్తించదు. స్వచ్ఛమైన పెట్రోలు ఒక కిలో పూర్తిగా మండడానికి 14.7 కిలోల గాలి కావాలి. ఇథనాల్‌కి 9 కిలోలు చాలు, ఎందుకంటే దానిలోనే బరువులో మూడో వంతుకు పైగా ఆక్సిజన్ ఉంది. 2025 నాటికి మనం చేరిన 20 శాతం కలయిక, అంటే ఈ20, సుమారు 13.5 దగ్గర సరిసమానం అవుతుంది. పది శాతం కలిపిన పాత పెట్రోలుకి అది 14.1.

మరి ఈ20 పోసుకున్నాక కూడా గేజ్ ఐడిల్‌లో 14.7 ఎందుకు చూపిస్తోంది? సెన్సార్ కొలిచేది లామ్డా, అంటే సరిసమానానికి కావాల్సిన గాలితో పోలిస్తే ఎంత గాలి ఉందన్న అంకె. సరిసమానం ఉంటే 1. గేజ్ దాన్ని తీసుకుని, తనకు ఫ్యాక్టరీలో నేర్పిన 14.7తో గుణించి చూపిస్తుంది. ట్యాంకులో ఏముందో దానికి ఎవరూ చెప్పలేదు. అందుకే మా తమ్ముడి గేజ్‌లో 12.0 అంటే అసలు అర్థం లామ్డా 0.82. ఈ20 ఉన్న ట్యాంకుతో ఆ సమయంలో ఇంజిన్‌లోకి వెళ్తున్న అసలు నిష్పత్తి 11 దగ్గర ఉంటుంది. ఇంజెక్టర్ మీద నేను వేసిన లెక్కలో అంకెలు కూడా గేజ్ భాషలోనివే.

దీనివల్ల నష్టమేమీ లేదు, అందరూ ఒకే తప్పుతో మాట్లాడుకుంటే. ఒకరు గేజ్ అంకె చెప్తూ, ఇంకొకరు ఈ20కి లెక్కగట్టిన అంకె చెప్తూ, మూడోవారు ఏ కాలంలోనో ఏ దేశంలోనో రాసిన పట్టిక చూపిస్తే గందరగోళం మొదలవుతుంది. నేను నా గేజ్ సెట్టింగుల్లోకి వెళ్లి లామ్డాకి మార్చుకున్నాను. మొదటి వారం కళ్లకి కొత్తగా ఉంది, తర్వాత అలవాటైపోయింది. చేయగలిగినవాళ్లందరినీ మార్చుకోమని బతిమాలుతున్నాను.

మ్యాప్ విషయానికి వస్తే ఇది మాటల తేడాతో ఆగదు. స్వచ్ఛమైన పెట్రోలుకి పూర్తి బూస్ట్‌లో 0.82 రావాలని వేసిన మ్యాప్‌లో, ఏ సవరణా లేకుండా ఈ20 పోస్తే లామ్డా 0.88, 0.89 దాకా వెళ్తుంది. గేజ్‌లో 13 చూపిస్తుంది. నిజానికి చాలా కార్లలో అంత దూరం వెళ్లదు. మామూలు నడకలో ఈసీయూ నేర్చుకున్న ట్రిమ్ బూస్ట్‌లోకి కూడా కొంత తోడు వస్తుంది. ఇథనాల్‌కి ఆక్టేన్ (తనంతట తానే పేలిపోకుండా తట్టుకునే గుణం) ఎక్కువ, ఆవిరయ్యేటప్పుడు సిలిండర్‌ని చల్లబరుస్తుంది కూడా. కాబట్టి ఈ20 పోయగానే టర్బోలు పేలిపోతాయని ప్రచారం చేసేవాళ్లతో నేను ఏకీభవించను. నేనడిగేది ఒకటే: మీ మ్యాప్ ఏ పెట్రోలు మీద వేశారో ఆ ట్యూనర్‌ని అడిగి తెలుసుకోండి, ట్రిమ్ ఎంతుందో చూసుకోండి.

అంకె పక్కన ఇంకేమున్నాయి?

తమ్ముడి వీడియోలో నాకు కనపడనివి చాలా ఉన్నాయి. బూస్ట్ ఎంతో తెలియదు. ఇన్‌టేక్ గాలి ఎంత వేడిగా ఉందో తెలియదు. ఇగ్నిషన్ టైమింగ్, అంటే నిప్పురవ్వ పడే క్షణం, ఎక్కడుందో తెలియదు. నాక్ (మిశ్రమం తనంతట తానే పేలే చప్పుడు) కనిపెట్టే సెన్సార్ ఏమైనా విని టైమింగ్ వెనక్కి లాగిందా అన్నదీ తెలియదు. ఇవేవీ లేకుండా 12.0 అంటే, జ్వరం ఎంతో చెప్పి రోగి వయసు, బరువు చెప్పకుండా మందు రాయమన్నట్టు.

అసలు బూస్ట్‌లో పెట్రోలు ఎక్కువ పోసేది దేనికి? పవర్ కోసం కొంత, చల్లదనం కోసం చాలా. మండకుండా మిగిలే పెట్రోలు వేడిని పీల్చుకుని పిస్టన్‌నీ టర్బైన్‌నీ కాపాడుతుంది. కానీ పొగ వేడి పెట్రోలు ఒక్కదాని మీదే ఆధారపడదు. టైమింగ్ వెనక్కి లాగితే మంట ఆలస్యంగా ముగిసి, వేడంతా సైలెన్సర్ వైపుకి వెళ్తుంది. అప్పుడు లామ్డా అదే 0.82 ఉంటుంది, టర్బైన్ మాత్రం ఉడికిపోతుంది. ఇంకోవైపు, సైలెన్సర్ మ్యానిఫోల్డ్‌ని హెడ్‌లోనే కలిపి నీళ్లతో చల్లబరిచే కొత్త ఇంజిన్లు చాలా లోడ్ దాకా లామ్డా 1 దగ్గరే నడుస్తాయి. ఆ కారుకి గేజ్ పెట్టి "బూస్ట్‌లో 14 చూపిస్తోంది, లీన్" అని భయపడితే లేని జబ్బుకి మందు వేసుకున్నట్టే. కంపెనీ ఆ ఇంజిన్‌ని అలాగే కట్టింది. ఈసీయూ తాను అడుగుతున్న లామ్డా ఎంతో స్కానర్‌లో చూపించే కార్లు చాలా ఉన్నాయి. అడిగినదీ వచ్చినదీ పక్కపక్కన పెట్టి చూస్తే, విడి అంకె కన్నా వంద రెట్లు తెలుస్తుంది.

యాక్సిలరేటర్ వదిలిపెట్టగానే గేజ్ 20 దాటి గీతలు చూపిస్తుంది. కొత్తగా పెట్టించుకున్నవాళ్లు ఉలిక్కిపడతారు. అది ఇంజెక్టర్లు మూసేసిన సమయం, గొట్టంలో ఉత్త గాలి పోతోంది. దానికి కంగారు పడక్కర్లేదు.

ఇంకోటి, కాలం. 6,000 ఆర్‌పీఎం దగ్గర ఒక సిలిండర్ ఒక పూర్తి సైకిల్‌ని 20 మిల్లీసెకన్లలో ముగిస్తుంది. సెకనుకి యాభై మంటలు. నాక్ ఒక్క మంటలో రావచ్చు. పొగ గొట్టంలో ప్రయాణించి, సెన్సార్ స్పందించి, గేజ్ దాన్ని సగటు చేసి అంకెగా మార్చి, చీకట్లో రోడ్డు మీదున్న మన చూపు అక్కడికి మళ్లేలోపు ఎన్నో మంటలు అయిపోతాయి. కళ్లతో చూసిన అంకె మీద నాకు నమ్మకం పోయింది. ల్యాప్‌టాప్‌లోకో ఫోన్‌లోకో లాగ్ చేసి, ఇంటికొచ్చి తీరిగ్గా ఆర్‌పీఎంతో, బూస్ట్‌తో కలిపి గీసుకుని చూస్తేనే నేను మాట్లాడతాను. పైగా నూటయాభై వేగంలో గేజ్ చూస్తూ కారు నడపడం ఎవరికీ మంచిది కాదు.

డీజిల్ కార్లున్నవాళ్లకు ఇక్కడే ఒక మాట. ఈ లెక్కలేవీ మీకు వర్తించవు. డీజిల్ ఎప్పుడూ లీన్‌గానే నడుస్తుంది, ఐడిల్‌లో 60 పైన కూడా ఉండొచ్చు, అది సహజం. మీ దగ్గర వేడి పెరిగేది అంకె తగ్గినప్పుడు, అంటే డీజిల్ ఎక్కువ పోసినప్పుడు. పెట్రోలు కారు మిత్రుడు "రిచ్ చేస్తే చల్లగా ఉంటుంది" అంటే వినకండి.

నాకున్న సందేహం

ఇదంతా రాస్తూ కూడా నాకు పూర్తి నిశ్చింత లేదు. మేస్త్రి గారు ఆ రోజు తెల్లటి ప్లగ్గుని వేళ్లమధ్య తిప్పుతూ అన్న మాట గుర్తుంది. "ఇంజెక్టర్ ఒక్కటే కాదు బాబూ. టైమింగ్ ముందుకు లాగారు, బూస్టూ పెంచారు. కంపెనీ సెట్టింగులో ఉంటే ఈ ఇంజెక్టర్‌తో కూడా ఇంకో రెండేళ్లు తిరిగేది." ఆయన మాటే నిజం కావచ్చు. పదమూడు శాతం లోటు కనపడింది కాబట్టి నేను దాన్నే పట్టుకున్నానేమో. ఏదేమైనా టైమింగ్ సంగతీ ఆ గేజ్‌కి తెలియదు, ఆ మూడో సిలిండర్ సంగతీ తెలియదు.

అలాగని గేజ్ పీకేయమని నేను అనలేను. గత వర్షాకాలంలో విశాఖ నుంచి అరకు వెళ్తూ అనంతగిరి ఘాట్ ఎక్కుతున్నాం. ఎప్పుడూ ఎక్కే వంపులు, ఎప్పుడూ వాడే గేర్. నా కారులో ఆ ఎక్కుడులో లామ్డా ఎప్పుడూ 0.84 దగ్గర ఉంటుంది. ఆ రోజు 0.88 ఉంది. ఇంకో వంపు తర్వాత 0.91. పికప్‌లో తేడా లేదు, చప్పుడులో తేడా లేదు, చెక్ ఇంజిన్ లైటు కూడా వెలగలేదు. బూస్ట్ ఎక్కనివ్వకుండా మెల్లగా పైకి వెళ్లి, మెల్లగా దిగి వచ్చాం. తర్వాత చూపిస్తే ఫ్యూయల్ పంపు ప్రెజర్ పడిపోతోంది, వేడెక్కేకొద్దీ ఇంకా పడిపోతోంది. ఆ రోజు గేజ్ లేకపోతే ఆ ఘాట్‌లోనే పిస్టన్ పోగొట్టుకునేవాణ్ని. నన్ను కాపాడింది 0.91 అన్న అంకె కాదు. అది 0.91 ఉన్నా ఏమీ కాని ఇంజిన్లు చాలా ఉన్నాయి. ఆ చోట, ఆ గేర్‌లో, నా కారు అంకె ఎంతో నాకు ముందే తెలిసి ఉండడమే కాపాడింది. నెలకోసారి ఒకే రోడ్డు మీద లాగ్ తీసి దాచుకునే అలవాటు అప్పటికే ఉంది.

పాతకాలం మేస్త్రీలు ప్లగ్గు రంగు చూసి చెప్పేవారని, అది చాలని కొందరంటారు. ఆ నైపుణ్యం మీద నాకు గౌరవముంది. మా తమ్ముడి ఇంజిన్‌లో నిజం చెప్పింది ప్లగ్గే. అయితే ఇప్పటి పెట్రోలులో సీసం లేదు, రంగు పట్టడం తక్కువ, కొన్ని వేల కిలోమీటర్లు తిరిగితేగాని నాలుగింటికీ తేడా తెలియదు. గేజ్ ఒకే అంకెలో కలిపేసినదాన్ని ప్లగ్గులు విడివిడిగా చూపిస్తాయి, కానీ ఆలస్యంగా. నేను రెండూ చూస్తాను. పదివేల కిలోమీటర్లకోసారి నాలుగు ప్లగ్గులూ విప్పి వరుసగా పెట్టి ఫోటో తీస్తాను, అంకెలు వేసి, మేస్త్రి గారు చేసినట్టే.

ఇంజిన్ మళ్లీ బిగించారు. కొత్త పిస్టన్, నాలుగు కొత్త ఇంజెక్టర్లు, కంపెనీ మ్యాప్. పోయిన ఆదివారం తమ్ముడు మళ్లీ వీడియో పంపబోతే వద్దని చెప్పి, లాగ్ ఫైలు పంపమన్నాను. రాత్రి పదింటికి పంపాడు. ఆర్‌పీఎం, బూస్ట్, అడిగిన లామ్డా, వచ్చిన లామ్డా, టైమింగ్, ఇన్‌టేక్ వేడి, ఆరు వరుసలున్నాయి. 3,200 దగ్గర అడిగినదానికీ వచ్చినదానికీ మధ్య చిన్న తేడా ఉంది, 0.02. "అది ఏంటన్నయ్యా?" అని అడిగాడు. ఇంకా తెలియదు, వచ్చే ఆదివారం అదే రోడ్డు మీద, అదే గేర్‌లో ఇంకోటి తీయమన్నాను.